మనుషులు లేని బొమ్మ

మా ఇంటి ముందుగదిలో ఒక బొమ్మ ఉంది. ప్రార్థన కూటానికి వచ్చినవారు చాపలమీద కూర్చుంటే సరిగ్గా ఎదుటి గోడమీద కనపడుతుంది. నాలుగడుగుల నూలుగుడ్డ మీద వేసిన బొమ్మ అది. ఒక చిన్న ఉప్పునీటి పాయ, ఒడ్డున మడచెట్లు, బురదలోంచి పైకి లేచిన వాటి వేళ్ళు, ఒక మట్టిగట్టు, దూరంగా నాలుగు తాటిచెట్లు, సాయంకాలపు వెలుతురు. అంతే.

గుడివాడలో మా గడప తొక్కిన ప్రతివారూ ఒకే మాట అడుగుతారు. “బొమ్మ బాగుందండీ, మనుషులు లేరేం?” అని. కాఫీ ఇచ్చే తొందరలో “అమ్మకోసం వేసిందండీ” అని ఊరుకుంటాం. ఊరుకోవడం మర్యాద కాదని ఈమధ్య అనిపించి, జరిగినదంతా ఇక్కడ వ్రాస్తున్నాం. ప్రియ చదువరులు ఓపికతో చదువుతారని ఆశ.

మేము ఇద్దరం. అక్కా తమ్ముడూ. మాలో అక్క ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మ. తమ్ముడు ఒకప్పుడు గుడివాడ దుకాణాలకు బోర్డులు వ్రాసిన ఆర్టిస్టు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని తగ్గిపోయింది. ఇప్పుడు ఇళ్ళకు రంగులు వేయిస్తాడు. నాన్న ప్రభువునందు నిద్రించి చాలా ఏళ్ళయింది. అమ్మ మాతోనే ఉంటుంది.

అమ్మ పుట్టిల్లు దివిసీమలో, నాగాయలంక దాటి సముద్రం దగ్గర ఒక చిన్న పల్లె. 1976లో పెళ్ళయి గుడివాడ వచ్చింది. మరుసటి ఏడు నవంబరు నాటికి మాలో పెద్దది అమ్మ కడుపులో ఏడవ నెల. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా. గురువారం వచ్చి తీసుకువెళతానని తాతయ్య కబురు చేశారు. ఇంతలో నాయనమ్మకు జ్వరం తగిలింది. “ఒక్క వారం ఆగి రండి మామయ్యగారూ” అని నాన్న కార్డు ముక్క వ్రాశారు. సర్దిన పెట్టె సర్దినట్టే మంచం కింద ఉండిపోయింది.

1977 నవంబరు 19, శనివారం. ఆనాటి ఉప్పెన సంగతి మా జిల్లావారికి చెప్పనక్కరలేదు. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం లేచి దివిసీమ మీద పడింది. చనిపోయినవారు దాదాపు 10 వేలమంది అని సర్కారు లెక్క. ఆ లెక్క చాలదని దివిసీమ పెద్దలు నేటికీ అంటారు. సొర్లగొంది వంటి ఊళ్ళు ఉన్నచోట లేకుండా పోయాయి. ఆ రాత్రి గుడివాడలో కూడా ఇళ్ళ పెంకులు లేచిపోయాయి. నాన్న దొరికిన లారీ ఎక్కుతూ, దొరకనిచోట నడుస్తూ నాలుగోనాటికి అక్కడికి చేరి, ఆరోనాటికి తిరిగి వచ్చారు. ఏమి చూశారో ఆయన చెప్పలేదు. అమ్మ అడగలేదు.

అమ్మమ్మ, తాతయ్య, ఇద్దరు మేనమామలు. నలుగురూ పోయారు. మేము వారిని ఫొటోలో కూడా చూడలేదు. ఉన్న ఒక్క ఫొటో ఆ ఇంటి గోడకే ఉండేదట. గోడే లేదు. పెళ్ళిలో అమ్మమ్మ సారెతో పెట్టిన ఒక పెడన అద్దకపు దుప్పటి మాత్రం మా ఇంట మిగిలింది. అది పెట్టెలో అడుగున ఉండేది. కప్పుకోగా మేమెన్నడూ చూడలేదు.

మా చిన్నతనంలో దివిసీమ మాట ఇంట్లో వచ్చేది కాదు. స్కూలువాళ్ళు బందరు దగ్గర మంగినపూడి సముద్రానికి తీసుకువెళతామంటే అమ్మ మమ్మల్ని పంపలేదు. నవంబరు 19న మాత్రం పొద్దుటినుంచీ మాట్లాడేది కాదు. తలనొప్పి అనుకునేవాళ్ళం.

ఇలా 45 ఏళ్ళు గడిచాయి.

2022 ఫిబ్రవరిలో అమ్మకు కుడికంటి శుక్లం తీశారు. మర్నాడు కట్టు విప్పాక అమ్మ వాకిట్లో నిలబడి ఆకాశం చూసింది, ఎదురింటి మందారం చూసింది. “ఇంత రంగుందా వీటికి? ఇన్నాళ్ళూ మసిగుడ్డలోంచి చూశానేమిటే” అంది. శుక్లం పెరిగిన కంటికి లోకమంతా పచ్చబారినట్టు, మాసినట్టు కనపడుతుందని డాక్టరుగారు చెప్పారు. మేము సంతోషించాం. ఆ రాత్రే, అన్నాలయ్యాక, అమ్మ మెల్లిగా అంది.

“అన్నీ కనపడుతున్నాయిరా. మా అమ్మ ముఖమే కనపడటం లేదు. కళ్ళు మూసుకుంటే ఇదివరకు కనపడేది. ఎప్పుడు పోయిందో తెలియలేదు.”

మాకు నోట మాట రాలేదు. అమ్మ నోట “మా అమ్మ” అన్న మాట వినడమే మాకు కొత్త.

మాలో తమ్ముడు మర్నాడే కాగితం, పెన్సిలు పట్టుకు కూర్చున్నాడు. “చెప్పమ్మా, నేను గీస్తాను. నుదురు ఎలా ఉండేది? ముక్కుపుడక ఏ పక్క?” అని అడుగుతూ మూడు రోజుల్లో మూడు బొమ్మలు గీశాడు. మొదటిది కాదంది. రెండోది కాదంది. మూడోది చాలాసేపు చూసింది. అది అచ్చం అక్కలా వచ్చింది! తెలియకుండానే వాడి చెయ్యి ఎరిగున్న ముఖాన్నే గీసింది. అమ్మ ఆ కాగితం మడిచి వాడి చేతికి ఇచ్చేసింది.

“వద్దురా నాయనా. ఇది చూస్తూ ఉంటే లోపల మిగిలిన కాస్తా చెరిగిపోతోంది. తప్పు ముఖం వేస్తే రేపటినుంచి అదే మా అమ్మయిపోతుంది.”

మేము చేసిన మేలు కీడయిందే అని ఇద్దరం తలలు వంచుకున్నాం. అప్పుడు అమ్మే అంది. “ముఖం రావడంలేదు గాని, ఆవిడ నిలబడే చోటు వస్తోంది. నాన్న వలకు వెళితే, పొద్దు వాలేవేళకి ఇంటివెనక గట్టుమీద నిలబడి పాయవైపు చూస్తూ ఉండేది. ఆ గట్టు వస్తోంది.”

మా బొమ్మ అక్కడ పుట్టింది.

తమ్ముడు ఉత్సాహంగా ప్లైవుడ్ చెక్క కోయించి, ప్రైమరు పూసి, ఎనామిల్ రంగులతో వారంలో బొమ్మ ముగించాడు. నీలం సముద్రం, వంగిన కొబ్బరిచెట్లు, ఎర్రటి సూర్యుడు, తెరచాప పడవ. చూసినవారంతా మెచ్చుకున్నారు. అమ్మ కూడా చూసి, “బాగుందిరా. ఎవరి ఊరు?” అంది.

పాతికేళ్ళు బోర్డులు వ్రాసినవాడికి ఆ ఒక్కమాటతో బుద్ధి వచ్చింది. లారీలమీద, కేలండర్లమీద చూసిన సముద్రాన్నే వాడు వేశాడు. అమ్మ చెప్పిన దానిలో సముద్రమే లేదు. కొబ్బరిచెట్టూ లేదు. పాయ ఉంది, బురద ఉంది, మడ ఉంది. మేము మడ అడవిని ఒక్కసారి కూడా చూసినవాళ్ళం కాము.

అప్పుడు అక్క ఒక నోటు పుస్తకం తీసింది. రోజూ సాయంత్రం అమ్మ చెప్పింది చెప్పినట్టు వ్రాసుకుంది. గట్టు మీద నిలబడితే సూర్యుడు ఏ పక్క? పోటు వచ్చినప్పుడు నీళ్ళు ఎంతవరకు? పాటు తీసినప్పుడు బురద ఏ రంగు? ఒక్కొక్క ప్రశ్నకు అమ్మ కళ్ళు మూసుకుని ఆలోచించేది. ఒకసారి బియ్యం చాటలోనే వేలితో పాయ వంపు గీసి చూపించింది. తెలియనిది తెలియదనేది, ఊహించి చెప్పేది కాదు. అలా ఆరు నెలల్లో ఆ పుస్తకం నిండింది.

మాలో తమ్ముడికి ఒక సందేహం ఉండేది. మనుషులు లేని బొమ్మను చూసి ఎవరైనా కంటతడి పెడతారా అని. రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి చిత్రశాలకు వాడు లోగడ వెళ్ళి ఉన్నాడు. ఆయన 28 ఏళ్ళు నిండకుండానే 1925లో కన్నుమూశారు. ఆ కాస్త వయసులోనే గోదావరి సీమ దృశ్యాలను కళ్ళకు కట్టారు. మన గుడివాడలో పుట్టి, 2001లో పద్మశ్రీ అందుకున్న ఎస్. వి. రామారావు గారి బొమ్మల్లోనైతే చెట్టూ చేమా కూడా ఉండవు, రంగులే మాట్లాడతాయి. “పెద్దవాళ్ళు చేసి చూపించారు కదా, మనం నేర్చుకోవాలి గాని దారి ఉంది” అంది అక్క.

సెప్టెంబరులో ఒక సెలవునాడు ఇద్దరం బయలుదేరాం. అమ్మ రానంది. బలవంతపెట్టలేదు. గుడివాడ నుంచి పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటితే దివిసీమ. అవనిగడ్డ మీదుగా నాగాయలంక చేరి, అక్కడ ఒక పెద్దాయన పడవ మాట్లాడుకున్నాం.

అమ్మ ఊరున్న చోటు ముందు చూశాం. అక్కడ ఇప్పుడు రొయ్యల చెరువులు. నీళ్ళు చిమ్ముతూ తిరిగే ఏరేటర్లు, కరెంటు స్తంభాలు, మేత బస్తాలు. గట్లన్నీ కొత్త గట్లే. అమ్మమ్మ నిలబడిన గట్టు ఏదో చెప్పగలవారు ఒక్కరూ లేరు. ఇంతదూరం వచ్చింది ఇందుకా అని మా ప్రాణం ఉసూరుమంది.

పడవ పెద్దాయన మా కథ విని, “గట్టు దొరకదమ్మా. మడ చూపిస్తాను రండి, అది మారదు” అని పాయలోకి తీసుకువెళ్ళాడు. కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం అది. 1989లో ఏర్పడింది, సుమారు 195 చదరపు కిలోమీటర్లు. పాటు తీసిన వేళ. తెల్లమడ చెట్ల చుట్టూ బురదలోంచి వేలకొద్దీ వేళ్ళు పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి నిలబడి ఉన్నాయి. ఉప్పుబురదలో గాలి ఆడదు గనుక ఆ చెట్టు వేళ్ళను పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. పీల్చుకున్న ఉప్పును ఆకుల మీదుగా బయటికి పంపేస్తుంది. ఆకు నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉంది!

ఇంకొంచెం లోపల ఉప్పుపొన్న చెట్లు. వాటి కొమ్మలకు మునక్కాయల్లాగా ఏవో వేలాడుతున్నాయి. కాయలేమో అనుకున్నాం. “కాయలు కావమ్మా, మొక్కలే” అన్నాడాయన. అలల్లో విత్తనం నిలవదు గనుక, తల్లిచెట్టు విత్తనాన్ని తనమీదే మొలకెత్తించి, వేరు సాగి బరువెక్కాక జారవిడుస్తుందట. బురదలో గుచ్చుకుంటే అక్కడే నాటుకుంటుంది. నీటిలో పడితే తేలుతూపోయి మరో ఒడ్డున నిలబడుతుంది. మాలో అక్క ఆ మాట విని చాలాసేపు మాట్లాడలేదు. తల్లి కడుపులో ఉండి, ఒడ్డు దాటి, బ్రతికి బయటపడిన పిల్ల కదా తనూ.

నాలుగు మడ ఆకులు, రాలిపడిన ఒక మొలక తీసుకుని ఇంటికి వచ్చాం. అమ్మ ఆకు అందుకుని వాసన చూసి, కొస కొరికి, “మేకలకు ఈ ఆకే” అంది. ఒక్క నిమిషం ఆగి, “మా అమ్మ కొడవలి ఎడమచేత్తో పట్టేది” అంది. అది ఆ నోటు పుస్తకంలో లేని మాట. ఆమెకే తెలియకుండా ఆమెలో దాగి ఉన్న మాట. ఉప్పు తగిలితే బయటికి వచ్చింది.

ఇక రంగులు. తమ్ముడు ఎన్ని ఎనామిల్ డబ్బాలు కలిపినా బురద రంగు కుదరలేదు. “మెరుస్తోందిరా. మా బురద మెరవదు, లోపలికి లాక్కుంటుంది” అనేది అమ్మ. అప్పుడు పెట్టె అడుగునున్న దుప్పటి తనే తీసుకువచ్చి పరిచింది. “ఇదిగో, ఈ నలుపు చూడు. దీనికి నీళ్ళు కలిపితే ఎలా ఉంటుందో అదీ.”

పెడన మాకు దూరమేమీ కాదు. బందరు రైలెక్కితే దారిలోనే. తమ్ముడికి తెలిసిన ఒక అద్దకపు మేస్త్రి అక్కడ ఉన్నారు. ఆ నలుపు తయారీ ఆయన చూపించారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి రోజుల తరబడి ఊరబెడతారు. ఆ నీళ్ళను కసిం అంటారు. చూడడానికి పలచని గోధుమరంగు నీళ్ళే. కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరబెట్టిన గుడ్డమీద పెట్టీ పెట్టగానే నల్లబడిపోతుంది. ఇనుమూ కరక్కాయ వగరూ కలిసి చేసే పని అది. నీళ్ళు ఎక్కువ కలిపితే బూడిదరంగు నలుపు వచ్చింది. తడి ఆరని బురద!

మిగతావి కూడా అక్కడే నేర్చుకున్నాడు. దానిమ్మ తొక్కతో పసుపు. నీలిమందు మీద పసుపు వేస్తే ఆకుపచ్చ. ఎరుపు మాత్రం వింత. పటిక నీళ్ళతో గీస్తే ఏమీ కనపడదు. గుడ్డను రంగునీళ్ళలో ఉడికించి, కాలువలో జాడించాకే గీసినచోట ఎరుపు తేలుతుంది. పూర్వం ఆ ఎరుపును మన కృష్ణా తీరపు ఇసుకనేలల్లో పెరిగే చిరివేరుతోనే తీసేవారు. ఎండాకాలంలో గట్టువార ఉప్పునేల మొక్కలు ఎర్రబడతాయని అమ్మ చెప్పింది. ఆ గీత కోసమే ఎరుపు కావలసివచ్చింది.

అచ్చులు వాడలేదు. వెదురుపుల్లకు గుడ్డపీలిక చుట్టి, దానితోనే గీశాడు. అక్క పక్కన కూర్చుని నోటు పుస్తకం చదువుతూ ఉండేది. “పాయ కుడికి వంగాలి. తాటిచెట్లు నాలుగు, మూడు దగ్గరగా, ఒకటి విడిగా.” రెండు గుడ్డలు పాడయ్యాయి. మూడోది నిలబడింది.

2022 నవంబరు 19 కూడా శనివారమే వచ్చింది. సాయంత్రం అమ్మ మౌనంగా కూర్చుని ఉండగా మేము ఏమీ చెప్పకుండా ఆ గుడ్డను గోడకు తగిలించాం. అమ్మ లేచి దగ్గరకు వచ్చింది. చాలాసేపు చూసింది. మాకు గుండెలు దడదడలాడాయి. మళ్ళీ “ఎవరి ఊరు?” అంటుందేమోనని భయం.

అమ్మ చూపుడువేలు చాచి గట్టుమీద ఒకచోట తాకింది. విడిగా ఉన్న తాటిచెట్టుకు కొంచెం ఎడంగా.

“ఇక్కడ” అంది.

తరువాత ఏడ్చింది. నలభై అయిదేళ్ళకు. మేమూ ఏడ్చాం. మర్నాడు ఆదివారం గుడికి వెళ్ళే ముందు ఆ దుప్పటి ఉతికి ఎండవేసింది. ఆ చలికాలమంతా అదే కప్పుకుంది.

ముఖం తిరిగి వచ్చిందా అని మీరు అడగవచ్చు. రాలేదు. అలా అని అబద్ధం వ్రాయలేము. కాని అమ్మ ఇప్పుడు ఆ చోటు గురించి మాట్లాడుతుంది. తన తమ్ముళ్ళు గట్టుమీద చేసిన అల్లరి చెబుతుంది. మా పిల్లలకు నలుగురి పేర్లూ తెలుసు. ఆ కార్డు ముక్క సంగతి కూడా మొన్ననే చెప్పింది. “ఆయన ఆ కార్డు వ్రాసినందుకు నేను చాన్నాళ్ళు ఆయన్ను క్షమించలేదురా. నన్ను బ్రతికించినందుకు” అంది. నాన్న ఉండగా ఆ మాట అనుకునే అవకాశం ఆ ఇద్దరికీ లేకపోయింది. మాకు మిగిలిన బాధ అదొక్కటే.

కిందటేడు “ఒకసారి తీసుకువెళ్ళండి” అని అమ్మే అడిగింది. కారు మాట్లాడి బయలుదేరాం. పులిగడ్డ దగ్గర నీళ్ళు కనపడగానే ఆపమంది. దిగి, గట్టున కాసేపు నిలబడి, “ఈసారికి ఇంతవరకు చాలు” అంది. వెనక్కి వచ్చేశాం. మళ్ళీసారి ఇంకొంచెం దూరం వెళతామేమో.

మొన్నటి కూటంలో ఒక పెద్దాయన బొమ్మ చూసి, “ఓ మూల చిన్న సిలువ వేయిస్తే మన ఇంటి బొమ్మలా ఉండేదమ్మా” అన్నారు. అమ్మ నవ్వి, “ఆ చెట్లకు ఉప్పులో బ్రతకడం నేర్పింది ఆయనే కదండీ” అంది. పెద్దాయన తల ఊపి ఇంకోసారి బొమ్మ వంక చూశారు.

చదువరులకు మా మనవి ఒక్కటే. మన పల్లెల్లో తుఫానులకు, వరదలకు, వలసలకు ఫొటోలు పోగొట్టుకున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. మీ ఇంట పెద్దవారుంటే ఒక నోటు పుస్తకం తీసుకుని పక్కన కూర్చోండి. “వాళ్ళు ఎలా ఉండేవారు” అని అడిగితే చెప్పలేకపోవచ్చు. “ఎక్కడ కూర్చునేవారు, ఆ పక్కన ఏ చెట్టు ఉండేది” అని అడగండి. బొమ్మ వేయడం రాకపోయినా ఫరవాలేదు, వ్రాసి ఉంచండి. ఇంకో మాట. మడ అడవి మందంగా ఉన్న ఊళ్ళలో 1999 ఒడిశా తుఫానప్పుడు తక్కువమంది చనిపోయారని తరువాత పరిశోధకులు లెక్క తేల్చారు. తీరాన ఉన్న మన బంధువులు ఆ చెట్లను వంటచెరకుగా చూడకుండా కాపాడుకుంటే మేలు.

నాగాయలంక నుంచి తెచ్చిన ఆ మొలకను బకెట్టులో బురద పోసి, ఉప్పునీళ్ళు కలిపి, పెరట్లో పెట్టాం. నాలుగు ఆకులు వేసి, మరుసటి వేసవికి ఎండిపోయింది. అది ఉండవలసిన చోటు అది కాదు. బొమ్మలోని మడ మాత్రం పచ్చగా ఉంది. సాయంత్రం పొద్దు వాలేవేళకు అమ్మ కుర్చీ దాని ఎదురుగా వేసుకుంటుంది.

మీరు మా ఇంటికి వస్తే, మనుషులు లేరేమని అడగండి. గట్టుమీద ఎక్కడ చూడాలో అమ్మే చూపిస్తుంది.